లోకల్ ఛానల్ ఎవరి సొత్తు? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్థానిక టెలివిజన్ తీరు

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం నాడు విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. రాష్ట్రస్థాయి వార్తా ఛానళ్లు సిరిమాను కదిలిన కొద్ది నిమిషాలను చూపి మరో వార్తలోకి వెళ్లిపోతాయి. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ముందు నడవగా, మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకూ మధ్య సిరిమాను మూడుసార్లు తిరగడాన్ని మొదటి నుంచి చివరి దాకా, ఇల్లు కదలలేని వృద్ధులకు చూపించేది ఊరి కేబుల్‌లో వచ్చే లోకల్ ఛానలే. శ్రీకాకుళంలో అరసవల్లి రథసప్తమికైనా, రెండు రోజులు కుళాయి నీళ్లు రావన్న కబురుకైనా జనం చూసేది దాన్నే. ఇంతగా అవసరపడే ఈ ఛానల్‌కు మన చట్టాల్లో తనదంటూ ఒక ఉనికి లేదు. దానికి సొంత లైసెన్సు ఉండదు, సొంత తరంగం ఉండదు. ఎవరి తీగ మీద నడుస్తుందో వారి వ్యాపారంలో అదొక అనుబంధం మాత్రమే. స్థానిక టెలివిజన్ యాజమాన్యంలోని చిక్కులు చాలావరకు ఇక్కడి నుంచే పుట్టాయి.

ఒకప్పుడు టీవీ తీగలో కాక గాలిలో వచ్చేది. 1983 ఆగస్టులో ఇన్‌శాట్-1బి ఉపగ్రహాన్ని ప్రయోగించాక, 1984లో దూరదర్శన్ దేశమంతటా వరసగా లోపవర్ ట్రాన్స్‌మిటర్లను నెలకొల్పింది. జనం వీటిని టీవీ రిలే కేంద్రాలనేవారు. వీటి సామర్థ్యం సాధారణంగా 100 వాట్లు. చుట్టూ పదిహేను ఇరవై కిలోమీటర్ల మేర మేడ మీది యాంటెన్నాకు బొమ్మ అందేది. పెద్ద నగరాల హైపవర్ టవర్లు చేరలేని పట్టణాలకు టెలివిజన్ వచ్చింది వీటి ద్వారానే. అయితే ఆ కేంద్రంలో ఉపగ్రహ సంకేతాన్ని అందుకునే పెద్ద గొడుగు, దాన్ని మళ్లీ గాలిలోకి వదిలే యంత్రం, టవరు, వాటిని కనిపెట్టుకుని ఉండే సాంకేతిక సిబ్బంది తప్ప స్టూడియో లేదు, కెమెరా లేదు. ఢిల్లీ కార్యక్రమం, ఆ తర్వాత హైదరాబాద్ కార్యక్రమం వచ్చేవి. నాగావళికి వరదొచ్చిందన్న మాటను ఆ ఊళ్లో ఉన్న టవరు నుంచే ఆ ఊరికి చెప్పే ఏర్పాటు ఉండేది కాదు. యాజమాన్యం పూర్తిగా ప్రభుత్వానిది, అంటే సూత్రప్రాయంగా ప్రజలది; కానీ స్థానిక కార్యక్రమం శూన్యం. దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి 2022 మార్చి 31 నాటికి, వ్యూహాత్మకంగా అవసరమైన యాభై చోట్ల మినహా, అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నిటినీ మూసివేయాలని నిర్ణయించుకున్నప్పుడు పట్టణాల్లో దాని మీద చర్చే జరగకపోవడానికి కారణం ఇదే. మూతపడిన టవరుతో తమ ఊరి గొంతు ఏదో పోయిందని ఎవరికీ అనిపించలేదు.

అదే లోపవర్ పరిజ్ఞానం అమెరికాలో మరో దారి పట్టింది. కొండ ప్రాంతాల ఊళ్లు నగర ఛానళ్లను తిరిగి ప్రసారం చేసుకోవడానికి పెట్టుకున్న చిన్న ట్రాన్స్‌మిటర్లు అక్కడ ముందునుంచీ ఉన్నాయి. 1982లో ఆ దేశపు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అలాంటి చిన్న కేంద్రాలు సొంత కార్యక్రమాలు కూడా ప్రసారం చేయవచ్చని అనుమతించి, వాటికి విడిగా లైసెన్సులివ్వడం మొదలుపెట్టింది. ఈనాటి సామర్థ్య పరిమితి వీహెచ్‌ఎఫ్ అనే తరంగ శ్రేణిలో 3 కిలోవాట్లు, యూహెచ్‌ఎఫ్ అనే శ్రేణిలో 15 కిలోవాట్లు. ఒకే సంస్థ ఇన్ని కేంద్రాలకు మించి కలిగి ఉండరాదన్న నిషేధం వీటికి లేదు కాబట్టి, చర్చిలు, కళాశాలలు, చిన్న వ్యాపారులతో పాటు పదుల సంఖ్యలో కేంద్రాలను పోగేసుకున్న కంపెనీలు కూడా ఈ రంగంలో కనిపిస్తాయి. హోదా మాత్రం రెండో తరగతిదే: పెద్ద స్టేషన్‌కు అడ్డొస్తే చిన్నది తప్పుకోవాలి. టీవీ తరంగాల్లో కొన్నిటిని మొబైల్ సేవలకు మళ్లించిన, 2017లో ముగిసిన స్పెక్ట్రమ్ వేలంలో పెద్ద స్టేషన్లకూ ‘క్లాస్ ఎ’ కేంద్రాలకూ రక్షణ దొరికింది కానీ మామూలు లోపవర్ కేంద్రాలకు దొరకలేదు. ఆ ‘క్లాస్ ఎ’ అన్నది 1999 చట్టం తెచ్చిన మెరుగైన హోదా. దాన్ని నిలుపుకోవాలంటే రోజుకు కనీసం 18 గంటలు ప్రసారం చేయాలి, వారానికి సగటున 3 గంటలైనా ఆ ప్రాంతంలోనే తయారైన కార్యక్రమం ఉండాలి. రక్షణకు బదులుగా స్థానికతను అడిగిన ఈ షరతును మన విధానకర్తలు గమనించి ఉండవలసింది.

మన దగ్గర గాలిలోంచి టీవీ ప్రసారం చేసే హక్కు ప్రైవేటు వారికి ఇప్పటికీ లేదు. క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో 1995 ఫిబ్రవరి 9న ఇచ్చిన తీర్పులో వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ ధర్మాసనంలో ఉన్న తెలుగువారు జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి విడిగా రాసిన తీర్పులో ప్రసార రంగం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోకూడదని అంటూనే, ప్రైవేటు గుత్తాధిపత్యం వల్ల వచ్చే ప్రమాదాన్నీ గట్టిగా హెచ్చరించారు. ప్రైవేటు టెరెస్ట్రియల్ టీవీని, అంటే టవరు నుంచి గాలిలో వచ్చే టీవీని, అనుమతించాలని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2005లోను, డిజిటల్ రూపంలో 2017లోను సిఫార్సు చేసినా ఆ తలుపు తెరుచుకోలేదు. రేడియోకు మాత్రం తెరుచుకుంది: 2006 విధానం ప్రకారం స్వచ్ఛంద సంస్థలు సైతం 100 వాట్ల కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చు. చిన్న సామర్థ్యంతో, లాభాపేక్ష లేకుండా, స్థానిక భాషలో నడిచే ప్రసారాన్ని ఒక హక్కుగా మన ప్రభుత్వం రేడియోలో గుర్తించింది. టీవీ విషయంలో ఆ ఆలోచనే కాగితం మీదికి రాలేదు.

గాలి మూసుకుపోయింది కాబట్టి స్థానిక టీవీ తీగలో పుట్టింది. 1990ల తొలి ఏళ్లలో పట్టణాల్లో కేబుల్ ఆపరేటర్లు మేడ మీద డిష్‌లు పెట్టి, ఒక్కో శాటిలైట్ ఛానల్‌కు, బొమ్మను తీగలో ఒక ఛానల్ స్థానంలోకి ఎక్కించే మాడ్యులేటర్ ఒక్కోటి అమర్చి, అన్నిటినీ కలిపి ఒకే కోయాక్సియల్ తీగలో వీధులకు పంపేవారు. ఖాళీగా ఉన్న ఒక ఛానల్ స్థానంలో అదనంగా ఇంకో మాడ్యులేటర్ పెట్టి, దానికి వీసీఆర్ తగిలిస్తే లోకల్ ఛానల్ సిద్ధం. రాత్రి తొమ్మిదికి సినిమా, తెర అడుగున చీరల దుకాణాల స్క్రోలింగ్, పుట్టినరోజు శుభాకాంక్షలు, సాయంత్రం ఒక అరగంట ఊరి వార్తలు. అదనపు ఖర్చు అంత తక్కువ కావడం వల్లనే మండల కేంద్రాల దాకా ఇవి పాకాయి. సినిమాలకు హక్కులు తీసుకోవడం అరుదు. కాపీరైటు అనుమతి లేనిదేదీ కేబుల్‌లో వేయరాదని 1994 నాటి నిబంధనలు చెబుతున్నా చాలాకాలం పట్టించుకున్నవారు లేరు. 1995 కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల చట్టం కింద ఆపరేటర్ హెడ్ పోస్టాఫీసుకు వెళ్లి, 500 రూపాయలు కట్టి, ఏటా నమోదు చేయించుకునేవాడు. నమోదైనది అతని నెట్‌వర్క్. దాని మీద నడిచే లోకల్ ఛానల్ గురించి ఆ పత్రం ఏమీ చెప్పదు.

ఆ మౌనంలోంచే యాజమాన్యపు రకరకాల రూపాలు వచ్చాయి. కొన్నిచోట్ల ఆపరేటరే ఛానల్ యజమాని, అతని బావమరిదో మేనల్లుడో వార్తలు చదివేవాడు. ఒకే పట్టణంలో పేటకొకరుగా ఉన్న ఆపరేటర్లు కలిసి ఒక కంట్రోల్ రూమ్ పెట్టుకుని, ఛానల్‌లో కనెక్షన్ల సంఖ్యను బట్టి వాటాలు రాసుకున్న సందర్భాలు ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా స్థిరపడిన పద్ధతి లీజు. ఊళ్లో కొంత పేరున్న విలేకరి ఒకరు నెలకింత అని ఆపరేటర్‌కు అద్దె కట్టి ఛానల్ తీసుకుంటాడు. కెమెరామన్, ఎడిటింగ్ చేసే కుర్రాడు, ప్రకటనలు తెచ్చేవాడు, అందరి జీతాలూ అతని మీదే. జనం దృష్టిలో అది అతని ఛానల్. చట్టం దృష్టిలో అతను ఎవరూ కాడు. మున్సిపల్ టెండర్ల మీద గట్టి కథనం వేసిన మర్నాడు అద్దె పెంచినా, లింకు తీసేసినా అతను ఏ కార్యాలయం గడప తొక్కాలో తెలియదు, ఎందుకంటే అతని చేతిలో ఉన్నది ఒక ప్రైవేటు మాట ఒప్పందం. చాలామంది స్థానిక విలేకరులు జాగ్రత్తగా, కొన్నిసార్లు మరీ జాగ్రత్తగా రాయడానికి మూలం ధైర్యం లేకపోవడం కాదు. కాళ్లకింద తమదైన నేల లేకపోవడమే మూలం.

2011లో చట్టాన్ని సవరించి కేబుల్‌ను తప్పనిసరిగా డిజిటల్ చేయడంతో ఈ పరిస్థితి మరింత బిగిసింది. విశాఖపట్నం 2013 నాటి రెండో దశలో మారగా, మిగిలిన పట్టణాలు మూడో దశలోకి, పల్లెలు నాలుగో దశలోకి వచ్చాయి. గడువులు పొడిగిస్తూ పోయి చివరికి 2017 జనవరి, మార్చి నెలాఖర్లకు తేల్చారు. ఇక్కడ సాంకేతిక విషయం ఒకటి వివరంగా చెప్పుకోవాలి. అనలాగ్ రోజుల్లో తీగ పొడవునా ఎక్కడైనా మాడ్యులేటర్ తగిలించి బొమ్మ కలపవచ్చు. సోంపేట ఆపరేటర్ తన ఛానల్‌ను సోంపేటలోనే కలిపేవాడు. డిజిటల్‌లో ఛానళ్లన్నిటినీ కుదించి, ఒకే ప్రవాహంగా పేర్చి, తాళం వేసి పంపుతారు. ఇంట్లో బాక్స్ ఆ తాళం తీస్తుంది. పేర్చడం, తాళం వేయడం జరిగేది హెడ్‌ఎండ్‌లో. కాబట్టి ఛానల్ కలపాలన్నా తీయాలన్నా, దానికి ఏ నంబరు ఇవ్వాలన్నా హెడ్‌ఎండ్ ఉన్న ఎంఎస్‌వో, అంటే వీధి ఆపరేటర్లకు ఛానళ్లు అందించే పెద్ద కేబుల్ సంస్థ, చేతిలోనే ఉంది. పట్టణంలో తీసిన దృశ్యం ఫైబర్ మీద ఆ హెడ్‌ఎండ్‌కు, అది మరో జిల్లాలో ఉన్నా సరే, వెళ్లి తిరిగి అదే పట్టణంలోని బాక్సులకు రావాలి. బొమ్మ నాణ్యత మెరుగైంది, కనెక్షన్ల దాపరికం తగ్గి పన్నుల లెక్క తేలింది, ఇవి కాదనలేని మేళ్లు. అయితే వీధి ఆపరేటర్ ఒకప్పుడు చిన్నపాటి ప్రసారకర్త. డిజిటల్ తర్వాత అతను నెలవారీ డబ్బు వసూలు చేసి తెగిన తీగ అతికే ఏజెంటుగా మిగిలాడు.

ఆదాయం సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 2019 ఫిబ్రవరి నుంచి అమలైన ట్రాయ్ విధానంలో నెట్‌వర్క్ రుసుము గరిష్ఠంగా 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 153 రూపాయల 40 పైసలు. ఎంఎస్‌వో, ఆపరేటర్ వేరే ఒప్పందానికి రాకపోతే ఆ 130లో ఆపరేటర్ వాటా 45 శాతం, అంటే 58 రూపాయల 50 పైసలు. 2024లో ట్రాయ్ గరిష్ఠ పరిమితిని తీసేసినా, ఒకవైపు ఉచితంగా వచ్చే డీడీ ఫ్రీడిష్, మరోవైపు ఫోన్లో చూసే వీడియోలు ఉండగా ధర పెంచే వీలు ఎవరికీ పెద్దగా లేదు. ఆ మొత్తంలోంచి లోకల్ ఛానల్ నడిపే మిగులు రాదు. అందుకని అది పూర్తిగా స్క్రోలింగులు, బంగారు దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రుల ప్రకటనల మీద బతకాలి. ప్రకటన ఇచ్చిన ఆసుపత్రి మీద ఫిర్యాదు వార్త కాకపోవడం ఈ ఏర్పాటులోనే ఇమిడి ఉంది.

ఇన్నేళ్ల మౌనం తర్వాత కేంద్ర సమాచార ప్రసార శాఖ 2022 నవంబరు 30న ఈ ఛానళ్లకు ‘ప్లాట్‌ఫాం సర్వీసులు’ అన్న పేరుతో మార్గదర్శకాలిచ్చింది. ఛానల్‌కు వెయ్యి రూపాయల రుసుముతో ఒకేసారి నమోదు, మొత్తం ఛానళ్ల సామర్థ్యంలో 5 శాతానికి మించరాదన్న పరిమితి, దానికి అదనంగా జిల్లాకు రెండేసి ఛానళ్లు, తెర మీద ‘ప్లాట్‌ఫాం సర్వీస్’ అన్న గుర్తు, 90 రోజుల రికార్డింగు భద్రపరచడం ఇందులో ముఖ్యమైనవి. రికార్డింగు నిబంధన నిజంగా మంచిది, ఖర్చు కూడా తక్కువే. సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున నిల్వ చేస్తే గంటకు 900 మెగాబైట్లు, తొంభై రోజుల ఇరవైనాలుగు గంటల ప్రసారానికి రెండు టెరాబైట్ల లోపే. ఒక్క హార్డ్‌డిస్క్ చాలు. తన మీద తప్పుడు కథనం వచ్చిందన్న పౌరుడికి ఇంతకుముందు ఆధారమే దొరికేది కాదు. జిల్లాకు రెండు అన్న వెసులుబాటూ విలువైనదే. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడడంతో పాలకొండ శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం, సాలూరు విజయనగరం నుంచి విడిపోయాయి. సవర మాట్లాడే సీతంపేట కొండల ఊళ్ల అవసరాలూ, ఒడియా ఎక్కువగా వినిపించే ఇచ్ఛాపురం అవసరాలూ ఒకటి కావని ఈ నిబంధన కొంతైనా ఒప్పుకుంటోంది.

చిక్కు మిగిలిన రెండు నిబంధనల్లో ఉంది. స్థానిక వార్తలు వేయాలంటే ఎంఎస్‌వో కంపెనీగా నమోదై ఉండాలి. జిల్లాల్లోని స్వతంత్ర కేబుల్ సంస్థలు చాలావరకు ఒకరి పేరు మీదో, నలుగురి భాగస్వామ్యంలోనో నడిచేవి. వార్షిక రిటర్నులు, ఆడిట్, డైరెక్టర్ల లెక్కలు వాటికి కొత్త భారం. భారం మోయలేని చోట వార్తలు మానేసి సినిమా పాటలతో సరిపెట్టుకోవడమే సులువు. ఒక నెట్‌వర్క్ ప్లాట్‌ఫాం సర్వీసులోని కార్యక్రమం ఇంకో నెట్‌వర్క్‌లో రాకూడదన్నది రెండోది. గుళ్లు, గురుద్వారాల వంటి చోట్ల నుంచి వచ్చే ప్రత్యక్ష ప్రసారాలకు మాత్రం పేరు పెట్టి మినహాయింపు ఇచ్చారు. అంటే సిరిమానోత్సవాన్ని రెండు నెట్‌వర్కులూ పంచుకోవచ్చు, మర్నాటి ఊరి వార్తలను పంచుకోకూడదు. ఒకే వీధిలో రెండు తీగలు ఉంటే, ఏ తీగ తీసుకున్న ఇంటికి ఆ తీగ వార్తలే. పత్రిక విషయంలో ఇలాంటి షరతు ఎవరూ ఊహించరు. చిన్న ఛానల్ మనుగడకు కావలసింది వీలైనన్ని ఎక్కువ ఇళ్లకు చేరడం. దాన్నే ఈ నిబంధన అడ్డుకుంటోంది, పైగా ఛానల్‌ను తీగకు శాశ్వతంగా కట్టేస్తోంది.

తప్పొప్పుల విచారణ జిల్లా స్థాయిలో కలెక్టర్ చేతిలో ఉంటుంది. కేబుల్ చట్టంలోని 19వ సెక్షన్ కింద అధీకృత అధికారి ప్రసారాన్ని నిషేధించవచ్చు. ఎస్పీ, పౌర సంబంధాల అధికారి, మహిళా కళాశాల ప్రిన్సిపాల్, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులతో జిల్లా పర్యవేక్షణ కమిటీ ఉండాలి. ఎన్నికలప్పుడు మాత్రమే ఈ యంత్రాంగానికి ఊపిరి వస్తుంది. టీవీలో రాజకీయ ప్రకటనల నిషేధం మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో మొదలైన వివాదంలో సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 13న ఇచ్చిన ఉత్తర్వు వల్ల, లోకల్ ఛానల్‌లో వేసే రాజకీయ ప్రకటనకు కూడా ముందస్తు అనుమతి కావాలి. ప్రకటనను ఆపగలిగిన ఈ ఏర్పాటు యాజమాన్యాన్ని మాత్రం ప్రశ్నించదు: అభ్యర్థి బంధువే ఎంఎస్‌వో అయినప్పుడు రోజంతా సాగే ‘వార్త’ ఏ ఖాతాలోకి వస్తుందో తేల్చడం కష్టం. ట్రాయ్ 2014లో మీడియా యాజమాన్యం మీద చేసిన సిఫార్సులు సైతం భాష, రాష్ట్రం ప్రాతిపదికగానే మార్కెట్‌ను లెక్కగట్టాయి. ఒక జిల్లాలో ఒకే చేతికింద తీగ, ఛానల్, ప్రకటనలు పోగుపడడం ఆ లెక్కలో కనిపించదు.

ప్రభుత్వమే తీగకు యజమాని అయితే బాగుంటుందా అన్న ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రయోగం ఉంది. విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ ఇస్తామన్న ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి జాతికి అంకితం చేశారు. ఇంటింటికీ చేర్చింది మళ్లీ వీధి ఆపరేటర్లే. రాష్ట్ర ప్రభుత్వాలు ప్రసార పంపిణీలో ఉండకూడదని ట్రాయ్ 2012లో చెప్పింది, 2023 డిసెంబరు 31లోగా తప్పుకోవాలని కేంద్రం 2022 అక్టోబరులో సూచించింది. అధికారం మారినప్పుడల్లా కొన్ని వార్తా ఛానళ్లు కేబుల్‌లో కనిపించడం మానేస్తున్నాయన్నది ఈ రాష్ట్రంలో రెండు వైపుల నుంచీ వచ్చిన ఫిర్యాదే. కోర్టుకెళ్లగల పెద్ద ఛానళ్ల పరిస్థితే ఇలా ఉంటే, మాట ఒప్పందం మీద నడిచే పట్టణ ఛానల్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి తీగ యజమానిని మార్చినంత మాత్రాన సమస్య తీరదు. తీగనూ ఛానల్‌నూ విడదీయాలి.

తీగ మీదే ఆధారపడడంలో ప్రాణాలకు సంబంధించిన లోపం కూడా ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకొరిగినప్పుడే కరెంటు స్తంభాలూ వాటి మీది కేబుల్ తీగలూ తెగిపడ్డాయి. మంచినీళ్ల ట్యాంకరు ఎక్కడికొస్తుంది, ఏ రోడ్డు తెరిచారు, పంట నష్టం పేర్లు ఎక్కడ రాస్తున్నారు అన్న సమాచారం అత్యవసరమైన రోజుల్లో స్థానిక టీవీ అన్నది లేనేలేదు. జనరేటర్ మీద నడిచే ఒక చిన్న ట్రాన్స్‌మిటర్, దానికి ఒక కెమెరా ఉండి ఉంటే, ఇన్వర్టర్ ఉన్న ఇంటి దగ్గరైనా పదిమంది చేరి చూసేవారు. టవర్లు ఉన్న కాలంలో వాటికి గొంతు ఇవ్వకపోవడం, గొంతు వచ్చిన కాలానికి టవర్లను తీసేయడం ఈ తీరప్రాంతానికి జరిగిన నష్టం.

ఇప్పుడు చాలామంది స్థానిక విలేకరులు యూట్యూబ్‌లోకి వెళ్లారు. అద్దె లేదు, లింకు పోతుందన్న భయం లేదు. అయితే ఎవరు ఏం చూడాలో అక్కడి లెక్కలే నిర్ణయిస్తాయి; ఆమదాలవలస కుళాయి కబురు ఆమదాలవలసలోని ఇంటికే చేరుతుందన్న హామీ ఉండదు, స్మార్ట్‌ఫోన్ వాడని పెద్దవారికి అసలే అందదు. బాక్స్‌లో స్థిరమైన నంబరు మీద వచ్చే ఊరి ఛానల్‌కు ప్రత్యామ్నాయం ఇంకా రాలేదు. దాన్ని కాపాడే మార్గం కష్టమైనదేమీ కాదు. జిల్లా పరిధిలో ప్రసారానికి ఛానల్ పేరు మీదే విడిగా నమోదు ఇవ్వాలి. కంపెనీకే కాక సహకార సంఘానికి, సొసైటీకి, భాగస్వామ్య సంస్థకు కూడా ఆ అర్హత ఉండాలి. అలా నమోదైన ఛానల్‌ను ఆ జిల్లాలోని ప్రతి నెట్‌వర్కూ నిర్ణీత రుసుముకు చూపాలి, రాతపూర్వక కారణం, గడువు లేకుండా తీసేయకూడదు. ఇందుకు బదులుగా రోజూ ఇంత సేపు జిల్లాలోనే తీసిన కార్యక్రమం ఉండాలన్న షరతు పెట్టాలి, యజమాని ఎవరో తెర మీద ప్రతిరోజూ చూపించాలి. 2025 జనవరిలో కేబుల్ ఆపరేటర్ల నమోదును పోస్టాఫీసు నుంచి తీసి ఆన్‌లైన్ చేసి, 5 వేల రూపాయల రుసుముతో ఐదేళ్లకు పెంచింది 1994 నిబంధనల సవరణ ద్వారానే. ఛానల్‌కు సొంత నమోదు ఇవ్వడాన్నీ ఆ నిబంధనల్లో ఇంకో సవరణతోనే మొదలుపెట్టవచ్చు.